తమ్ముడి కోసం జీన్ థెరపీలో పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తయింది. ఈ ఏడాది పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వచ్చింది. మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. వాడికి రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు హిమోఫిలియా-ఎ, అందులోనూ సివియర్. వాడి మోకాళ్లలో రక్తం చేరి వాచిపోవడం, ఫ్యాక్టర్ ఇంజెక్షన్ కోసం అమ్మానాన్నల పరుగులు, పరీక్ష రోజున వాడు మంచం మీద ఉండిపోవడం చూస్తూ పెరిగాను. అందుకే సరైన జన్యువును ఒంట్లోకి పంపి చికిత్స చేసే జీన్ థెరపీలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాన్న ఆర్టీసీలో కండక్టర్, మూడేళ్లలో రిటైర్ అవుతారు. "ఇంకో ఆరేళ్లు చదువేంటమ్మా, ఏదైనా ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగం చూసుకో" అంటున్నారు. పైగా ఈ రంగంలో కంపెనీలే వెనక్కి తగ్గుతున్నాయని చదివాను. చాలా టెన్షన్‌గా ఉంది. జన్యువును మోసుకెళ్లే వైరల్ వెక్టర్ల (వైరస్ వాహనాల) మీద చేయాలా, నాన్‌వైరల్ మీదా? ఇక్కడ చేయాలా, బయటి దేశంలోనా? తమ్ముడైతే "నా మందు నువ్వే కనిపెట్టాలక్కా" అంటాడు. నన్ను మీ అమ్మాయి అనుకుని చెప్పండి.
— పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: నీ ఉత్తరంలో తమ్ముడి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయానమ్మా. దానికి జవాబు చెప్తాను, కానీ చివర్లో. అమ్మాయి అనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ జన్యువే మీ తమ్ముడికి పనిచేయదు. ఆ జన్యువును శాస్త్రవేత్తలు 1984లోనే వేరుచేసి చదివేశారు. వాడు పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే సరైన జన్యువు ఎలా ఉంటుందో తెలుసు, దాన్ని ల్యాబ్‌లో తయారుచేయడమూ తెలుసు. మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, జన్యువు చేతిలో ఉంది గానీ ఆ ప్రొటీన్‌ను తయారుచేయగల లివర్ కణం లోపలికి దాన్ని చేర్చే దారి లేదు. నేను ఇరవై రెండేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. పేరుకి జీన్ థెరపీ గానీ మేము రోజూ చేసేది రవాణా పనే.

నాన్నగారికి ఇది ఆయన భాషలోనే చెప్పు. జన్యువు సామాను అనుకో, వెక్టర్ బస్సు. ఇప్పుడు ఎక్కువగా వాడే బస్సు ఏఏవీ అనే చిన్న వైరస్. దీన్ని 1965లో, అడినోవైరస్ నమూనాల్లో కలిసిపోయి ఉండగా గుర్తించారు. మనిషికి ఏ జబ్బూ తెచ్చినట్టు తేలలేదు కాబట్టి వాహనంగా పనికొచ్చింది. కానీ దాని డిక్కీ చాలా చిన్నది. సుమారు 4,700 అక్షరాల డీఎన్ఏ మాత్రమే పడుతుంది. ఫ్యాక్టర్ 8 సమాచారం ఏడు వేల అక్షరాలు. మధ్యలో బి-డొమైన్ అనే ముక్క లేకపోయినా ప్రొటీన్ పనిచేస్తుందని తెలిశాక దాన్ని తీసేసి, సుమారు 4,400కి తెచ్చి, జన్యువును నడిపే స్విచ్‌కీ చోటు చూసి, ఎలాగో కుక్కి పంపారు. అలా వచ్చిన రాక్టేవియన్ అనే మందుకు 2022లో యూరప్‌లో, 2023లో అమెరికాలో అనుమతి దొరికింది. అయితే చాలామందిలో ఏడాది ఏడాదికీ ఫ్యాక్టర్ స్థాయి తగ్గుతూ వస్తోంది. అదే హిమోఫిలియా-బి సంగతి చూడు. అందులో లోపించే ఫ్యాక్టర్ 9 సమాచారం 1,400 అక్షరాల లోపే. హాయిగా పట్టేసింది. అందుకే ఆ జబ్బులో పని ముందుగా కదిలింది. రెండు జబ్బులకూ బాధ ఒకటే. సామాను సైజు ఒక్కటే తేడా.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు తమ్ముడి జబ్బును చూసి ఈ రంగంలోకి రావాలనుకుంటున్నావు. రా, చాలామంది అలాగే వచ్చారు. కానీ ల్యాబ్‌లో నీ ముందు ఉండేది వాడి మోకాలు కాదు. ఈ కణంలోకి ఈ రేణువు ఎందుకు వెళ్లడం లేదు, వెళ్లింది కేంద్రకం దాకా ఎందుకు చేరడం లేదు అనే ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్న మీద నీకు విడిగా ఇష్టం పుట్టాలి. పుట్టకపోతే మూడో ఏడాదికి తమ్ముడి మీద ప్రేమే నీకు భారమైపోతుంది.

కేథరిన్ హై అనే అమెరికన్ శాస్త్రవేత్త గురించి చదువు. రక్తవ్యాధుల డాక్టర్. 1989లో కుక్కల ఫ్యాక్టర్ 9 జన్యువును క్లోన్ చేసిన బృందంలో ఉన్నారు. మనుషుల్లాగే కొన్ని కుక్కలకూ హిమోఫిలియా వస్తుంది, చికిత్సను ముందు వాటి మీద చూడొచ్చు. పదేళ్లకు, 1999లో, ఏఏవీతో ఆ కుక్కల్లో ఫలితం కనిపించింది. తర్వాత మనుషుల లివర్‌లోకి ఇచ్చారు. ఒక రోగిలో ఫ్యాక్టర్ 9 మామూలు స్థాయిలో పది శాతం దాటింది. ఒక్క శాతం కూడా లేని సివియర్ రోగికి అది ఎంత పెద్ద మాటో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. కొన్ని వారాలకు అది పడిపోవడం మొదలైంది. లివర్ దెబ్బతింటోందని చెప్పే ఎంజైములు పెరిగాయి. కుక్కల్లో, కోతుల్లో ఇలా జరగలేదు.

ఆమె స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వాళ్లు ఆ రోగుల రక్తకణాలను పరీక్షించారు. మనుషుల్లో చాలామందికి చిన్నప్పుడే ఈ వైరస్ సహజంగా సోకి ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థకు దాని పైతొడుగు గుర్తుంది. ఆ తొడుగు జాడ కనిపించిన లివర్ కణాలను అది చంపేస్తోంది. 2006లో ఈ సంగతిని పేపర్‌గా ప్రచురించారు. ఒక రకంగా అది విఫలమైన ట్రయల్. కానీ 2011లో లండన్‌లో అమిత్ నత్వానీ బృందం ఏఏవీ8 అనే రకంతో హిమోఫిలియా-బి ట్రయల్ చేసినప్పుడు, ఎంజైములు పెరగ్గానే స్టిరాయిడ్ ఇచ్చి ఆ దాడిని ఆపగలిగింది. ఆ ఆరుగురిలో నలుగురు క్రమం తప్పకుండా తీసుకునే నివారణ ఇంజెక్షన్లు మానేయగలిగారు. 2006లో అసలు ఏం జరిగిందో తెలియకపోతే 2011లో దేనికోసం కాచుకోవాలో తెలిసేది కాదు.

ఇంకో సంగతి. కేథరిన్ హై పెట్టిన కంపెనీ నుంచి మొదట అనుమతి పొందిన మందు హిమోఫిలియాది కాదు. పుట్టుకతో వచ్చే ఒక రకం అంధత్వానికి వాడే లక్స్‌టర్నా, 2017 డిసెంబర్‌లో. దాని వెనక పరిశోధన జీన్ బెనెట్, ఆల్బర్ట్ మగ్వైర్ దంపతులది. వాళ్లూ కుక్కల కళ్ల దగ్గరే మొదలుపెట్టారు. రక్తం కోసం ఇరవై ఎనిమిదేళ్లు నేర్చుకున్న విద్య ముందుగా కంటికి పనికొచ్చింది. నీ పీహెచ్‌డీ కూడా ఎవరో తెలియని పిల్లాడికి ముందు పనికిరావచ్చు. దానికి నువ్వు సిద్ధమా అన్నది ఒకసారి నిజాయితీగా ఆలోచించుకో.

రోజువారీ పని ఎలా ఉంటుందో చూపిస్తాను, ఎందుకంటే ఉపన్యాసాల్లో ఇది ఎవరూ చెప్పరు. హెచ్ఈకే అనే మనిషి కిడ్నీ కణాలను పళ్లెంలో పెంచుతాం. అవి అడుక్కి చాలా తేలిగ్గా అతుక్కుని ఉంటాయి. మీడియా (కణాలకు ఆహారమైన ద్రవం) గబుక్కున పోస్తే పొరలు పొరలుగా లేచిపోతాయి. అందుకే పళ్లెం గోడకు పిపెట్ ఆనించి, ధారగా, నెమ్మదిగా వదలాలి. మూడు ప్లాస్మిడ్లను (గుండ్రటి డీఎన్ఏలను) కలిపి వాటిలోకి పంపితే మూడు రోజుల్లో వైరస్ తయారవుతుంది. దాన్ని శుద్ధి చేయడానికి ఒక ట్యూబులో అయోడిక్సనాల్ ద్రవాన్ని 15, 25, 40, 60 శాతం పొరలుగా, పొడవాటి సూదితో ఒకదాని కింద ఒకటి పోస్తాం. చెయ్యి వణికితే పొరలు కలిసిపోతాయి. అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో గంటకు పైగా తిప్పి బయటికి తీశాక నలభై శాతం పొరలో వైరస్ ఉంటుంది. ఉంటుందని మనకు తెలుసు గానీ కంటికి ఏమీ కనిపించదు. ట్యూబు పక్కనుంచి సూది గుచ్చి, నీళ్లలా ఉన్న ద్రవాన్ని లాగుతాం. అందులో కోటానుకోట్ల రేణువులు ఉన్నాయో, ఏమీ లేదో మర్నాడు డీఎన్ఏను లెక్కించే పీసీఆర్ పరీక్ష చెప్పాలి.

పీహెచ్‌డీ తర్వాత, నా పోస్ట్‌డాక్ రోజుల్లో ఏడు నెలల పాటు ఆ పీసీఆర్ "ఏమీ లేదు" అనే చెప్పింది. కణాలను మార్చాను. సీరం మార్చాను. కొత్త రియేజెంట్ తెప్పించాను. రాత్రి బస్సులో హాస్టల్‌కి వెళ్తూ, చేతకాని పనికి వచ్చానేమోనని ఏడ్చిన రోజులున్నాయి. చివరికి పక్క ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన "ప్లాస్మిడ్‌ని స్మా-వన్ ఎంజైమ్‌తో కోసి చూశావా?" అని అడిగాడు. చూడలేదు. ఏఏవీ జన్యువుకు రెండు చివర్లా ఐటీఆర్ అనే మడతలుంటాయి. అవి లేకపోతే వైరస్ తొడుగులోకి జన్యువు ఎక్కదు. బ్యాక్టీరియాకు ఆ మడతలు గిట్టవు, ప్లాస్మిడ్‌ను పెంచుతూ పెంచుతూ వాటిని కత్తిరించి పారేస్తుంది. ఆ సాయంత్రం, డీఎన్ఏ ముక్కలను సైజు వారీగా విడదీసే జెల్ మీద రావాల్సిన గీతల పక్కన రాకూడని గీత ఒకటి మెరుస్తూ కనిపించింది. తప్పు ఏడు నెలల కిందటి మొదటి ట్యూబులోనే ఉంది. బ్యాక్టీరియాను 30 డిగ్రీల దగ్గర, ఇలాంటి ప్లాస్మిడ్లకోసమే తయారుచేసిన రకంలో పెంచితే మూడు వారాల్లో వైరస్ వచ్చింది. అప్పటి నుంచి నా విద్యార్థులెవరూ ఆ జెల్ ఫొటో చూపించకుండా తర్వాతి మెట్టు ఎక్కరు. నువ్వూ మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో.

వైరల్, నాన్‌వైరల్ ప్రశ్నకు వస్తే, కోవిషీల్డ్ వేయించుకున్నవాళ్లంతా ఒక జన్యువును వైరస్ బండిలో భుజంలోకి తీసుకున్నవాళ్లే. అది చింపాంజీ అడినోవైరస్. ఎంఆర్ఎన్ఏ టీకాలు కొవ్వు రేణువుల్లో వచ్చాయి, అది నాన్‌వైరల్. ఏఏవీ లోపలికి చేరడంలో దిట్ట, ఒక్క డోసుతో ఏళ్ల తరబడి పనిచేయగలదు. కానీ ఒకసారి ఇచ్చాక యాంటీబాడీలు పుడతాయి కాబట్టి మళ్లీ ఇవ్వడం దాదాపు కుదరదు. కొవ్వు రేణువులకు ఆ ఇబ్బంది తక్కువ, సామాను కొలత పట్టింపూ తక్కువ. కానీ లివర్ దాటి వేరే అవయవానికి పంపడం ఇప్పటికీ కష్టం. 2025లో ఫిలడెల్ఫియాలో కిరణ్ ముసునూరు, రెబెకా ఆరెన్స్-నిక్లాస్ బృందం కేజే అనే పసివాడికి, వాడి ఒక్కడి జన్యులోపం కోసమే తయారుచేసిన జన్యుసవరణ మందును కొవ్వు రేణువుల్లోనే ఇచ్చింది. మూడు డోసులు ఇవ్వగలిగారంటే అది వైరస్ బండి కాకపోవడం వల్లే.

మన హైదరాబాద్‌కు ఈ విద్య కొత్తేమీ కాదు. ఫిలిప్ ఫెల్గ్నర్ 1987లో ధనావేశం ఉన్న కొవ్వులతో డీఎన్ఏను కణాల్లోకి పంపొచ్చని చూపించిన తర్వాత, మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో అరవింద చౌధురి బృందం అలాంటి లిపిడ్లను ఏళ్ల తరబడి తయారుచేసి, ఏ చిన్న మార్పుకి కణంలోకి చేరడం పెరుగుతుందో ఓపికగా చూసింది. పక్కనే కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ఖమ్మం నుంచి నాలుగైదు గంటల దూరంలో ఇవన్నీ ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, కెమిస్ట్రీ మీద ఇష్టముంటే లిపిడ్లు, కణాలూ ఇమ్యూనాలజీ మీద ఇష్టముంటే ఏఏవీ లేదా లెంటీవైరస్ అనే ఇంకో వైరస్ బండి తీసుకో. ఏది "హాట్"గా ఉందో చూసి ఎంచుకోకు. నీ థీసిస్ పూర్తయ్యేలోపు అది మారిపోతుంది.

ల్యాబ్ ఎంచుకునే ముందు ఒకటి అడుగు: వెక్టర్ మీరే తయారుచేసుకుంటారా, కొంటారా? కొనే ల్యాబ్‌లో మంచి బయాలజీ నేర్చుకోవచ్చు గానీ రవాణా విద్య రాదు. గైడ్ లేనప్పుడు సీనియర్లతో టీ తాగి, గత నెలలో ఏ ప్రయోగం పాడైందో అడుగు. గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగే ల్యాబ్ అయితే చేరు.

ఇప్పుడు కంపెనీల భయం. నువ్వు చదివింది నిజమే. యూరప్‌లో 2012లో అనుమతి పొందిన మొదటి జీన్ థెరపీ మందు గ్లైబెరా కొనేవాళ్లు లేక 2017లో ఆగిపోయింది. ఫైజర్ 2025లో తన హిమోఫిలియా-బి మందునే వదిలేసింది. ఈ మందుల ధర చూస్తే ఎందుకో తెలుస్తుంది. హిమోఫిలియా-బికే వచ్చిన హెమ్‌జెనిక్స్ ఒక్క డోసు 35 లక్షల డాలర్లు. చాలా మందుల విషయంలో విజ్ఞానం పనిచేసింది, తయారీ ఖర్చు, అమ్మకం దగ్గర బండి ఆగింది. తక్కువ ఖర్చుతో వెక్టర్ తయారుచేయడం ఎలా అన్నది మన దేశానికి అచ్చంగా సరిపోయే ప్రశ్న. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. అది రక్త క్యాన్సర్‌కు జన్యువు మార్చిన కణాలతో చేసే చికిత్స, విదేశీ ధరలో చిన్న భాగానికే ఇక్కడ దొరుకుతోంది.

ఇక్కడే నాన్నగారి మాట నాకు నచ్చింది. ఆయన క్యూసీ అన్నారు కదా. జీన్ థెరపీలో అన్నిటికంటే కష్టమైన పనుల్లో ఒకటి క్యూసీనే. తయారైన వైరస్ తొడుగుల్లో ఎన్ని నిండుగా ఉన్నాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, నిండు వాటిలో ఉన్నది సరైన జన్యువేనా, అది కణంలో పనిచేస్తోందా? ఖాళీ తొడుగులు మందుగా పనిచేయవు, రోగనిరోధక వ్యవస్థను మాత్రం రెచ్చగొడతాయి. పీహెచ్‌డీలో ఈ కొలతలన్నీ నీ చేత్తో చేసి నేర్చుకుంటే, అకడమిక్ ఉద్యోగం రాకపోయినా నీకు పని దొరుకుతుంది. నాన్నగారితో కూర్చుని లెక్కలు కూడా చెప్పు: జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, పైన ఇంటి అద్దె భత్యం. డబ్బు పడడం అప్పుడప్పుడు ఆలస్యమవుతుంది, కాబట్టి మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి. ఇంటికి కొంత పంపుతూ చదువుకోవచ్చు. ఆయన రిటైరయ్యేనాటికి నువ్వు మధ్యలో ఉంటావు, ఆ మాట దాచకు.

బయటికి వెళ్లడం పోస్ట్‌డాక్‌కి ఉంచుకో. పీహెచ్‌డీ ఇక్కడే చేయమంటాను. ఇంటి పరిస్థితి ఒక కారణం. రెండోది వెల్లూరు. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో అలోక్ శ్రీవాస్తవ బృందం, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీతో కలిసి, సివియర్ హిమోఫిలియా-ఎ ఉన్న ఐదుగురికి వాళ్ల రక్త మూలకణాలనే బయటికి తీసి, లెంటీవైరస్‌తో ఫ్యాక్టర్ 8 జన్యువు చేర్చి తిరిగి ఎక్కించింది. లెంటీవైరస్ డిక్కీ ఏఏవీ కంటే పెద్దది కాబట్టి ఆ సామాను పట్టింది. ఆ కణాలు కుదురుకున్నాక వాళ్లకు రక్తస్రావాలు ఆగిపోయాయని 2024 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మీ తమ్ముడి జబ్బుకే, మన దేశంలోనే. ఐదుగురే, పైగా ముందు కీమోథెరపీ తీసుకోవాలి. ఆ రెండూ మర్చిపోవద్దు.

ఇంకొకటి, కొంచెం కఠినమైనదే. 1999 సెప్టెంబర్‌లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ట్రయల్‌లో జెస్సీ గెల్సింగర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు చనిపోయాడు. అతని లివర్ జబ్బు మందులతో, పథ్యంతో అదుపులోనే ఉంది. అదే జబ్బుతో పుట్టే పసిపిల్లలకు ఉపయోగపడాలని వచ్చాడు. అడినోవైరస్ వెక్టర్ ఇచ్చిన నాలుగో రోజు ప్రాణం పోయింది. అంతకుముందు కనిపించిన హెచ్చరికలకు ఇవ్వాల్సిన విలువ ఇవ్వలేదని విచారణలో తేలింది. ట్రయల్ నడిపినవాళ్లకు కంపెనీలో వాటాలున్న సంగతి మీద పెద్ద చర్చ జరిగింది. నీకు వాటాలుండవు. తమ్ముడు ఉన్నాడు. డేటా చూసేటప్పుడు ఆశ కూడా కళ్లకు అడ్డం పడుతుంది. కాబట్టి హిమోఫిలియా-ఎ మీదే పనిచేసే అవకాశం వస్తే, మీ తమ్ముడి సంగతి గైడ్‌కి మొదటి రోజే చెప్పు. నీ ఫలితాలను నీకంటే ముందు ఇంకొకరు చూసే ఏర్పాటు అడుగు.

నువ్వు అడగనిది ఒకటి. అమ్మ ఆ లోపమున్న జన్యువును మోసే క్యారియర్ అయితే నువ్వూ క్యారియర్ అయ్యే అవకాశం సగానికి సగం. క్యారియర్లలో కొందరికి ఫ్యాక్టర్ తక్కువగా ఉండి నెలసరిలో, ఆపరేషన్లలో, ప్రసవంలో రక్తం ఎక్కువ పోతుంది. ముందు తమ్ముడికి ఏ మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఉందో తెలుసుకుంటే నీ పరీక్ష తేలిక. పెళ్లి మాటలు మొదలయ్యాక హడావిడిగా చేయించుకునే పని కాదిది. నీ ఆరోగ్యం కోసం ఈ నెలలోనే చేయించుకో.

ఇక తమ్ముడి మాట. వాడికి నిజమే చెప్పు. "నీ మందు నేను ఒక్కదాన్నే కనిపెట్టలేనురా, దాని మీద చాలా దేశాల్లో చాలామంది పని చేస్తున్నారు, వాళ్లలో ఒకదాన్ని అవుతాను" అను. వాడి వంతు పని కూడా చెప్పు. రేపు ఏ చికిత్స వచ్చినా అరిగిపోయిన కీలును అది బాగుచేయలేదు. కాబట్టి రక్తస్రావం అయ్యాక పరుగెత్తడం మాని, ముందుగానే తీసుకునే నివారణ చికిత్స గురించి, చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్ గురించి హెమటాలజిస్ట్‌ని అడగమను. ఫిజియోథెరపీ మానొద్దను. హిమోఫిలియా సొసైటీ హైదరాబాద్ చాప్టర్‌లో పేరు నమోదు చేయించు. ఎవరైనా డబ్బు కట్టించుకుని జీన్ థెరపీ చేస్తామంటే నమ్మొద్దు. అసలైన ట్రయల్ మన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఉంటుంది, ప్రయోగం మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు.

చేరిన తర్వాత మొదటిసారి జెల్ మీద నీ ఐటీఆర్ గీతలు సరిగ్గా వచ్చిన రోజున నాకు ఆ ఫొటో పంపు. ఏ గీత ఎక్కడుండాలో నాకు కంఠతా వచ్చు, చూసి చెప్తాను.